మేట కింద పడిన పొలానికి లెక్కేది?

ఆకస్మిక వరద ఊళ్లో ఉండేది కొన్ని గంటలే. కుండపోత మొదలైన ఆరు గంటల్లోపే విరుచుకుపడుతుంది, తెల్లారేసరికి తీసేస్తుంది. పల్లెకు అసలు నష్టం కనబడేది ఆ తర్వాతే.

వాగు పక్క పొలంలో నీళ్లు తీశాక చూస్తే పైరు లేదు, పైరు కింద ఉండాల్సిన మన్నూ లేదు. ఒక పక్క నిలువునా కోసుకుపోయిన గట్టు, ఇంకో పక్క మోకాలి లోతు ఇసుక మేట, మధ్యలో కొట్టుకొచ్చిన మొద్దులు, బండరాళ్లు. బావి పూడిపోయింది. మోటారు బురదలో దొరికినా మళ్లీ వైండింగ్ చేయించాల్సిందే. పెద్ద నది వరద నిదానంగా పొంగి, ఒండ్రు పరిచి పోతుంది. వాగు వరద తీరు వేరు. వాలు మీద ఉరవడిగా దూకి సారవంతమైన పైమట్టిని ఊడ్చుకెళుతుంది. ఉరవడి తగ్గిన చోట ముందుగా దించేది రాళ్లనూ ఇసుకనే. మెత్తటి మట్టి నీళ్లతోపాటే దిగువకు వెళ్లిపోతుంది. అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. అది ఒక్క రాత్రిలో పోతే చాలాసార్లు రైతుకు చేతికందేది ఆ ఒక్క సీజన్ పంట నష్ట పరిహారమే! ఇది అన్యాయమని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ప్రాణనష్టం సంగతి చెప్పనక్కర్లేదు. 2025 జులైలో అమెరికాలోని టెక్సాస్‌లో గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో దాదాపు 8 మీటర్లు పెరిగింది. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆ విపత్తులో 130 మందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో స్పెయిన్‌లోని వాలెన్సియాలో వాతావరణ శాఖ పొద్దున్నే రెడ్ అలర్ట్ ఇచ్చింది. జనం ఫోన్లకు హెచ్చరిక చేరింది మాత్రం రాత్రి 8 దాటాకే. అప్పటికే ఎంతోమంది నీళ్లలో చిక్కుకున్నారు. సంపన్న దేశాల్లోనే ఇలా ఉంటే, సిగ్నల్ అందని మారుమూల పల్లెల పరిస్థితి ఏమిటి? అక్కడ సైరన్ కావాలి, ఎగువన నీటిమట్టం చూసి వెంటనే కబురు చెప్పే మనిషి కావాలి. మునిగిన కల్వర్టు దగ్గర ఎవరో ఒకరు అడ్డంగా నిలబడాలి. రెండడుగుల ప్రవాహం చాలు, కార్లు కొట్టుకుపోవడానికి.

ముప్పు తగ్గేది కాదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. ఆ తేమంతా ఒకే చోట కురిస్తే పాత కొలతలతో కట్టిన తూములు, కల్వర్టులు తట్టుకోలేవు. కొట్టుకొచ్చిన చెత్త వాటికి అడ్డం పడితే నీళ్లు ఊరి మీదికే మళ్లుతాయి.

ప్రభుత్వాలు నష్టం అంచనా పద్ధతిని మార్చాలి. నీళ్లు తీసిన వారంలో ఒకసారి రాసుకుని పోతే చాలదు. మళ్లీ విత్తే అదునుకు అధికారులు అదే పొలానికి రావాలి. మేట తీయించే ఖర్చు, గట్టు కట్టే ఖర్చు, మట్టి తోలించే ఖర్చు విడిగా లెక్కగట్టాలి. పొలం సాగుకు వచ్చేదాకా అప్పు వసూళ్లు ఆపాలి. కౌలుకు చేసేవాళ్ల పేరు భూమి కాగితాల్లో ఉండదు కాబట్టి, సాగులో ఎవరున్నారో ఊళ్లో విచారించి పరిహారం వాళ్ల చేతికే ఇవ్వాలి.