‘ఈ వయసులో మానిపించి ఏం లాభం’ అనకండి

పెద్దాయన ఇంకెన్నాళ్లుంటాడు, తాగితే తాగనీ అని మన ఇళ్లలో చాలామంది ప్రేమతోనే అంటారు. కానీ అరవై దాటినవాళ్లను వైద్యానికి దూరం చేస్తున్నది ఆ మాటే. మందుకో, కల్తీ కల్లుకో, నిద్రమాత్రలకో అలవాటుపడ్డ పెద్దవాళ్లకు చికిత్స చేస్తే పనిచేస్తుంది, కుర్రవాళ్లకు పనిచేసినంతగానూ పనిచేస్తుంది. ముఖ్యంగా రిటైరయ్యాకో, భార్యో భర్తో పోయాకో తాగుడు మొదలైనవాళ్లు సాధారణంగా బాగా కోలుకుంటారు.

2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లలో అరవై దాటినవాళ్లూ, ఆడవాళ్లూ ఉన్నారు. కేసులు పెట్టారు, లైసెన్సులు రద్దు చేశారు. అది చెయ్యాల్సిందే, మాకు అందులో రెండో మాట లేదు. కానీ దుకాణం మూసిన మర్నాడు ఆ బస్తీలో రోజూ తాగే ముసలమ్మ ఒంట్లో ఏం జరుగుతుందో ఎవరు చూస్తున్నారు? ఆల్ప్రాజోలం అనే నిద్రమాత్రల మందు కలిపిన కల్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు అది ఒక్కసారిగా ఆగితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2015లో ఎక్సైజ్ దాడులు జరిగి కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందలమంది ఇలాగే ఆస్పత్రులకు పరిగెత్తారు. పదేళ్లు గడిచినా దాడికి ముందు వైద్యాన్ని సిద్ధం చేసే ఏర్పాటు ఎక్కడా కనిపించదు.

ఇంకో చోట చూడండి. బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిన డెబ్బై ఏళ్ల మనిషిని ఆర్థో వార్డులో చేర్చి ఆపరేషన్ చేస్తారు, రెండో రోజుకో మూడో రోజుకో ఆయన దుప్పటి పీకుతూ, సెలైన్ లాగేస్తూ, కొడుకునే ఎవరు నువ్వు అని అడుగుతాడు. మత్తుమందు వికటించిందనో, వయసు మీదపడి మతి పోయిందనో ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. రోజూ సాయంత్రం క్వార్టర్ తాగే అలవాటు ఆగిపోవడమూ కారణం కావచ్చు, చేర్చుకున్నప్పుడు ఆ సంగతి అడిగినవాళ్లు లేరు, పరువు పోతుందని ఇంట్లోవాళ్లు చెప్పలేదు. అసలు ఆయన పడిపోయింది కూడా ఆ తాగుడు వల్లేనేమో.

వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కాబట్టి అదే క్వార్టర్ నలభై ఏళ్లప్పటికంటే రక్తంలోకి ఎక్కువగా ఎక్కుతుంది. పైగా బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు వేసుకుంటూ ఉంటారు. నిద్ర కోసం డాక్టర్ ఎప్పుడో పది రోజులకు రాసిన ఆల్ప్రాజోలం చీటీతో ఏళ్లకేళ్లు మందుల షాపులో కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకంపై గట్టి నిబంధనలున్న జాబితాలోది, రిజిస్టర్‌లో రాయకుండా అమ్మకూడదు. అలాగని ఇంట్లోవాళ్లు కోపంతో ఆ మాత్రలు లాక్కుని పారేయడం ఇంకా ప్రమాదం, డాక్టర్ పర్యవేక్షణలో వారాలు, ఒక్కోసారి నెలల పాటు కొద్దికొద్దిగా తగ్గించాలి. తాగుడు మాన్పించే మందుల్లోనూ తేడా ఉంది. గుండె జబ్బున్న పెద్దవాళ్లకు డైసల్ఫిరాం ప్రమాదం, కిడ్నీలు చూడకుండా అకాంప్రొసేట్ ఇవ్వకూడదు. అందుకే ఇంటర్నెట్‌లో చూసి అన్నంలో ఏదో పొడి కలపడం అసలు వద్దు.

కేంద్రం ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం తాగుడుకు బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్సో సహాయమో అందింది. ఆ సర్వే 75 ఏళ్ల దగ్గరే ఆగిపోయింది, ఆ పైవాళ్లు లెక్కలోనే లేరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే సమస్యలను మానసిక జబ్బుల్లోనే చేర్చింది, అంటే చికిత్స పొందడం ఆ పెద్దమనిషి హక్కు.

పీహెచ్‌సీలో బీపీ చూసే నర్సే ‘తాగుతారా, ఎంత, నిద్రకు ఏమైనా వేసుకుంటారా’ అని తిట్టకుండా, పక్కవాళ్లు వినకుండా అడగాలి. ఆపరేషన్ వార్డుల్లో కేస్ షీట్ మీద ఆ ప్రశ్న తప్పనిసరి చెయ్యాలి. ఇంట్లోవాళ్లు మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే సలహా ఉచితంగా దొరుకుతుంది, కానీ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాకా రాలేని ముసలివాళ్లకు జిల్లా ఆస్పత్రిలోనే పడకలు ఉండాలి. ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు దుకాణాల మీదకు వెళ్లే ముందు జిల్లా వైద్యాధికారికి చెప్పాలి, దుకాణం మూసే రోజుకే ఆ మండలం ఆస్పత్రిలో ఫిట్స్ ఆపే మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు, వాటిని ఎలా వాడాలో తెలిసిన డాక్టర్ ఉండాలి.