మరమ్మతులో ఉన్న ఓడ లేనట్టేనా?
యుద్ధం జరుగుతుండగా రేవులో మరమ్మతుకు ఆగిన ఓడ లేనట్టే లెక్క అని యుద్ధనౌకల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో ఆస్ట్రేలియా పక్కనున్న కోరల్ సముద్రంలో జపాన్‌తో జరిగిన పోరులో బాంబు దెబ్బ తిన్న అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్ మే 27న హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ చేరింది. బాగుచేయడానికి మూడు నెలలు పడుతుందన్నారు. పనివాళ్లు రాత్రింబవళ్లు వెల్డింగ్ చేసి మే 30కల్లా పంపించేశారు. జూన్ 4న పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర దాని మీంచి లేచిన విమానాలే జపాన్ వాహక నౌక సోర్యూను తగలబెట్టాయి. యార్క్‌టౌన్ కూడా ఆ పోరులోనే పోయింది, నిజమే. కానీ రేవులో ఆ పని జరగకపోతే అమెరికాకు అక్కడ రెండే వాహక నౌకలు ఉండేవి. మామూలు బోటుకైనా మరమ్మతు తప్పదు. కృష్ణపట్నం దగ్గర మా బావకి మరబోటు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడే బోటును గట్టెక్కించి అడుగున అంటుకున్న గుల్లలు గీకుతారు, రంగులేస్తారు, ఇంజన్ విప్పి చూస్తారు. గుల్ల పట్టిన బోటు వేగం పడిపోతుంది, డీజిల్ విపరీతంగా తాగుతుంది. యుద్ధనౌకకూ అదే బాధ, పైగా వెనక శత్రువు ఉంటాడు. వ్యాసంలో కెప్టెన్ల గురించి అంత రాశారు, ఆ రేవు కార్మికుల గురించి ఒక్క పేరా అయినా రాయాల్సింది.