గౌరవనీయులైన స్వల్పకాలిక జ్ఞాపకం గారికి

అయ్యా,

నిన్న సాయంత్రం తమరు వెలగబెట్టిన ఘనకార్యం తమకు గుర్తుండే అవకాశం ఎలాగూ లేదు కనుక, నేనే విన్నవించుకుంటున్నాను. ఒక పెద్దమనిషి నాతో చేయి కలిపి, తన పేరు అక్షరం అక్షరం వినబడేలా చెప్పారు. నేను తల ఊపి, చిరునవ్వు నవ్వి, నా పేరు చెప్పుకున్నాను. నిమిషం తిరగకముందే ఒక మిత్రుడు మా దగ్గరికి వచ్చి, 'వీరెవరో పరిచయం చేయవేం?' అన్నాడు. ఆయన దంతవైద్యుడని గుర్తుంది. కళ్ళజోడు ఎడమ అద్దం అంచున సన్నటి గీత ఒకటి ఉందని కూడా గుర్తుంది. పేరు మాత్రం ఆనవాలుకైనా మిగలలేదు. 'వీరు... మనవారే' అంటూ నేను నీళ్ళు నమిలిన తీరును ఆ పెద్దమనిషి చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

తమ చోటు ఇరుకన్న సంగతి నాకు తెలియనిది కాదు. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తమరిలో ఏడు అంశాలు, ఒకటి రెండు అటూ ఇటూగా, పడతాయని ఉదారంగా లెక్కగట్టారు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగు దగ్గరికి దించారు. సరే, నాలుగే అనుకుందాం. నిన్న నేను తమకు అప్పగించింది ఒకే ఒక్క పేరు కదా! నిలుపుకునే వ్యవధి తక్కువంటారా? 1959లో పీటర్సన్ దంపతులు మనుషులకు మూడేసి హల్లులు చెప్పి, వాటిని వల్లె వేసుకునే వీలు లేకుండా వెంటనే అంకెలను వెనక నుంచి లెక్కపెట్టించారు. 18 సెకన్లు గడిచేసరికి ఆ హల్లుల్లో చాలావరకు గాలికి పోయాయి. లోలోపల మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఉంటేనే తమరు దేన్నైనా పట్టుకుంటారని దీని సారాంశం. మరి ఎదుటివారు తమ పేరు చెబుతున్న ఆ క్షణంలో మర్యాదస్తుడెవడైనా ఏం చేస్తాడు? తన పేరు చెప్పే వంతు కోసం గొంతు సవరించుకుంటాడు. వల్లె వేయడానికి తీరికెక్కడిది? పరిచయం అనే తంతును ఇంత తెలివితక్కువగా ఏర్పరచిన పెద్దల మీద కూడా నాకు కోపమే గాని, ఆ లేఖ వేరే రాస్తాను.

తమ పై అధికారి దీర్ఘకాలిక జ్ఞాపకం గారి సంగతికి వద్దాం. ఆయన కార్యాలయంలో చోటుకు కొరత లేదు, కానీ లోపలికి అనుమతి దొరకాలంటే అక్కడ ఇదివరకే తెలిసినవారు ఉండి తీరాలి. 'దంతవైద్యుడు' అన్న మాటకు అక్కడ బోలెడంత బంధువర్గం ఉంది: వెనక్కి వాలే కుర్చీ, నోట్లో దూరిన దీపపు వెలుగు, డ్రిల్లు మోత, మొద్దుబారిన పెదవి. అందుచేత దానికి రాచమర్యాదలు జరిగాయి. పాపం పేరుకు తన శబ్దం తప్ప వెనకాముందూ ఎవరూ లేరు కనుక తమరు దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి, కాసేపటికి నిర్దాక్షిణ్యంగా పంపేశారు. తమ సామర్థ్యమని లోకం మెచ్చుకునేదంతా నిజానికి పై అధికారి సిఫారసేనని 1973లో ఛేజ్, సైమన్ చదరంగం బల్ల మీద చూపించారు కూడా. అసలైన ఆటలోని పావుల అమరికను ఐదు సెకన్లు చూపిస్తే ఆరితేరిన ఆటగాడు దాన్ని చాలావరకు తిరిగి పేర్చాడు. అవే పావులను ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే కొత్తవాడితో సమానంగా తడబడ్డాడు. ఉన్నవాడికే మళ్ళీ పెట్టే ఈ పద్ధతి మీ ఇద్దరికీ ఎవరు నేర్పారో గాని, బాగానే వంటబట్టింది.

ఓటీపీలోని చివరి రెండు అంకెలను తెర మారేలోగా తారుమారు చేయడం గురించీ, ఒక గదిలోంచి మరో గదిలోకి అడుగు పెట్టగానే వచ్చిన పనిని మాయం చేయడం గురించీ నేను ఇక్కడ ఫిర్యాదు చేయడం లేదు. అవి రోజూ ఉండేవే.

మీ ఇద్దరి మధ్య రాకపోకలు నిలిచిపోతే ఏమవుతుందో హెన్రీ మొలైసన్ జీవితం చెబుతుంది. మూర్ఛ తగ్గించడానికి 1953లో జరిగిన శస్త్రచికిత్సలో, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి తోడ్పడే భాగమైన హిప్పోకాంపస్‌ను మెదడుకు రెండు వైపులా చాలావరకు తొలగించాక, ఆయన మాట్లాడగలిగేవారు, చెప్పిన అంకెలను కాసేపు నిలుపుకోగలిగేవారు. కానీ ఏళ్ళ తరబడి తనను పరీక్షించిన బ్రెండా మిల్నర్ ప్రతిసారీ ఆయనకు కొత్త మనిషే. ఆయన పరిస్థితికి ఎవరైనా తల వంచుతారు. నాకైతే హిప్పోకాంపస్ ఉంది, దానికి ఏ లోటూ లేదు. అయినా ఆ పేరు ఎక్కడ? ఏప్లీసియా అనే సముద్రపు నత్తకు ఉన్నవి దాదాపు 20,000 నాడీకణాలు. దాని తోకకు కొన్ని రోజుల పాటు విద్యుత్తు షాకులిస్తే, ఆ చేదు అనుభవాన్ని కొత్త ప్రోటీన్లు తయారుచేసుకుని, నాడీకణాల మధ్య కొత్త సంధులు మొలిపించుకుని వారాల తరబడి దాచుకుంటుంది. నా తలలో దాదాపు 8,600 కోట్లు పెట్టుకుని, ఒక మనిషి పేరు, ఒక్క పేరు, నిమిషం సేపు ఆపలేకపోయారు. సిగ్గుండాలి. ఇందులో 'తమరు' అని పిలిపించుకునే యోగ్యత ఎక్కడుంది?

ఇంత తిట్టాక కూడా ఒకటి చెప్పక తప్పదు. మన వాక్యంలో క్రియ చివరికి గాని రాదు. ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఎందుకు అన్నవన్నీ దారిలో దొర్లుతూ ఉంటే, ఆ క్రియ వచ్చి అన్నిటినీ కలిపేదాకా వాటిని మోస్తూ ఉండేది తమరే, మోస్తున్న ఒక్కొక్క మాటకూ అర్థం తెచ్చి అందించేది లోపలి పెద్దాయనే. ఈ తిట్లన్నీ నేను వరుస తప్పకుండా తిట్టగలిగానంటే, అది మీ ఇద్దరి చలవే. అలాగని కృతజ్ఞతలు చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

ఇట్లు,
తమ యజమానినని ఇంకా భ్రమపడుతున్న వ్యక్తి