నిద్రపోతోందని చెప్పడం సరికాదు
షికారుకు వెళ్ళినప్పుడు చిన్నపిల్లలు చచ్చిన పక్షినో పురుగునో చూసి ప్రశ్నలు వేస్తే ‘నిద్రపోతోంది’ అని చెప్పి మాట మరల్చడమే మేలన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. అయిదారేళ్ల లోపు పిల్లలకు చావంటే ఇక తిరిగి రాకపోవడమన్న ఎరుక ఇంకా స్థిరపడి ఉండదు కనుక, ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మి, రాత్రి తాము కళ్లు మూసుకోవడానికే భయపడవచ్చు. మా మనవరాలికి అయిదేళ్లు. మొన్న వేసవిలో బహదూర్‌పురాలోని జూపార్కుకు తీసుకువెళ్తే, ఒక చెట్టు కింద గోరింక చనిపోయి పడి ఉంది. దాని కంటి చుట్టూ ఉన్న పసుపు చర్మం మీదుగా చీమలు బారు కట్టి పోతున్నాయి. పిల్ల పక్కనే గొంతుక్కూర్చుని, ‘తాతయ్యా, దీనికి చక్కిలిగింతలు రావా?’ అని అడిగింది. ‘చనిపోయిందమ్మా, ఊపిరి ఆగిపోయింది, ఇక దానికి ఏమీ తెలియదు, నొప్పి కూడా ఉండదు’ అని చెప్పాను. కాసేపు అలాగే చూసి, ఒక ఎండుటాకు తెచ్చి దానిమీద కప్పి, ఏనుగు దగ్గరికి పదమంది. ఏడవలేదు, రాత్రి ఉలిక్కిపడి లేవనూ లేదు. ఆ తర్వాత బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబెట్టి, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ఇటువంటివి కనీసం 12 జంతువుల ఎముకలు దొరికాయనీ, ఆ జాతి ఇప్పుడు ఎక్కడా లేదనీ వివరించినప్పుడు, పాప చాలాసేపు తల పైకెత్తి చూసి, ‘గోరింకలు మాత్రం ఇంకా ఉన్నాయి కదూ’ అని నా చెయ్యి పట్టుకుంది.