బటన్ వదులు బావా!

వాకీటాకీ చేతికి రాగానే మనిషి గొంతు మారిపోతుంది. అప్పటిదాకా "ఒరేయ్, ఆ తాడు ఇలా విసురు" అన్నవాడే, బటన్ నొక్కగానే "వెనక వస్తున్నవారికి తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెడతాడు. మా బావకి ఆ మార్పు పెట్టె విప్పకముందే వచ్చేసింది. కొత్త సెట్లు బల్ల మీద వరసగా పేర్చి, ఇకమీదట డర్ట్ బైకుల మీద వెళ్లేటప్పుడు ఎవరూ ఎవరినీ వరసలు పెట్టి పిలవకూడదన్నాడు. తను లీడర్ వన్. మామయ్య, అంటే బావ కన్నతండ్రి, టెయిల్ వన్.

"అంటే నేను తోకనా?" అన్నారు మామయ్య.

"చివర్లో ఉండి అందరినీ కాపాడే మనిషివి నాన్నా" అన్నాడు బావ. నాకూ మా తమ్ముడికీ మిడిల్ వన్, మిడిల్ టూ అని బిరుదులిచ్చి, మాకు ప్రత్యేకంగా పనేమీ లేదని కూడా చెప్పాడు.

అంతవరకూ మేము చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. ట్రయిల్ మీద ఎవరైనా ఎదురొస్తే, మన వెనక ఇంకా ఎంతమంది ఉన్నారో వేళ్లతో చూపిస్తాం. చివరివాడు పిడికిలి బిగించి చూపిస్తాడు, ఇంక ఎవరూ లేరని. దారి చీలిన చోట ముందువాడు ఆగి, వెనకవాడు కంటికి కనబడ్డాకే కదులుతాడు. ఇది బాగానే పనిచేసేది. కాకపోతే ఇందులో ఉపన్యాసానికి చోటు లేదు. బావకి అదొక్కటే లోటు.

పెట్టె మీద రేంజ్ 50 కిలోమీటర్లని రాసి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు వీపున మోసిన ఎస్‌సీఆర్-300 అనే సెట్టు దాదాపు 15 కిలోల బరువుండి, 5 కిలోమీటర్ల దాకా మాట వినిపించేది. అరచేతిలో ఇమిడే మా సెట్టు దానికి పదింతలు వినిపిస్తుందట! ఒకడు కొండ శిఖరం మీద, ఇంకొకడు లోయలో నిలబడి, మధ్యలో చెట్టూ పుట్టా అడ్డం లేకపోతే వినిపిస్తుంది కాబోలు. ఆరడుగుల మనిషి చదునైన నేల మీద నిలబడినా 5 కిలోమీటర్లు దాటేలోపే భూమి వంపు నేలని కంటికి కనబడకుండా దాచేస్తుంది. ఇంక అడవిలో, గుట్టల మధ్య ఈ చిన్న రేడియోకి కిలోమీటరో రెండో దక్కితే గొప్ప. ఈ మాటే అంటే బావ నన్ను జాలిగా చూశాడు.

నాకు నచ్చింది మాత్రం బ్యాటరీ లెక్క. ఫలానా ఇన్ని గంటలు వస్తుందని కంపెనీలు రాసేది మామూలుగా ఒక ఆదర్శ పురుషుణ్ణి దృష్టిలో పెట్టుకుని. ఆ మనిషి నూటికి 5 వంతుల సమయం మాట్లాడతాడు, 5 వంతులు వింటాడు, మిగతా 90 వంతులు నోరు మూసుకుని ఉంటాడు. అలాంటి మనిషి మా వంశంలో ఇంకా పుట్టలేదు.

బయల్దేరే ముందు బావ సెట్టింగులు చేశాడు. మొదట, బటన్‌తో పని లేకుండా గొంతు వినబడగానే రేడియో తనంతట తనే ఆన్ అయ్యే పద్ధతి పెట్టాడు. మామయ్య తన పాత టూ-స్ట్రోక్ బండిని ఒక్క కిక్కు కొట్టేసరికి, ఆ చప్పుడునే గొంతు అనుకుని ఆయన రేడియో చానల్ మొత్తం ఆక్రమించేసింది. మా చెవుల్లో ఇంజన్ తప్ప ఇంకేమీ లేదు. బావ అది తీసేసి మళ్లీ బటన్‌కి వచ్చాడు. తర్వాత మన మాటలు పరాయివాళ్లు వినకుండా ఉండాలని ప్రైవసీ కోడ్ పెట్టాడు. ఆఖరిగా తన సెట్టులో టైమర్ ఆపేశాడు. ఎవరైనా బటన్ అదేపనిగా నొక్కి ఉంచితే, కాసేపయ్యాక ప్రసారాన్ని ఆపేసే ఏర్పాటు అది. "మాట మధ్యలో అడ్డుపడుతోంది" అన్నాడు బావ. దాని పనే అది.

మొదటి ఉపద్రవానికి కారణం తొందర. బటన్ నొక్కిన మరుక్షణమే రేడియో మాట అందుకోదు. మన సెట్టు సిద్ధం కావడానికి కొంత, అవతలి సెట్టు ఆ కోడ్‌ని గుర్తుపట్టి స్పీకర్ తెరవడానికి కొంత సమయం పడుతుంది. అందుకే నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడమంటారు, చివరి అక్షరం పలికాకే వదలమంటారు. బావ మాట్లాడటం మొదలుపెట్టి నొక్కుతాడు, పూర్తికాకముందే వదిలేస్తాడు. ఎడమ చెయ్యి క్లచ్ మీద, ఆ చేతి బొటనవేలే బటన్ మీద, అడుగున రాళ్లు. నిజం చెప్పాలంటే, అలాంటి చోట ఎవరైనా అంతే.

గుట్ట దిగువన ఒక మలుపు ఉంది. అక్కణ్ణుంచి బావ చెప్పింది: "బురద గుంట ఉంది, నా వెనక రావద్దు."

మాకు వినబడింది: "...ట ఉంది, నా వెనక రా."

తమ్ముడు దాన్ని "బాట ఉంది" అని పూరించుకున్నాడు. లీడర్ వన్ అంత నమ్మకంగా పిలిస్తే అనుమానం ఎందుకొస్తుంది? థ్రాటిల్ ఇచ్చి, ఫుట్‌పెగ్గుల మీద ఠీవిగా నిలబడి, బావ పక్కనే ఇంజన్ దాకా దిగబడ్డాడు. నేను మలుపు తిరిగేసరికి ఇద్దరూ బురదలో కూర్చుని, వద్దన్నానని ఒకరు, రమ్మన్నావని ఒకరు వాదించుకుంటున్నారు. పక్కపక్కనే ఉండి కూడా రేడియోలోనే వాదించుకుంటున్నారు. గుట్ట అడ్డం వల్ల మామయ్యకి ఇదేమీ వినబడలేదు. ఆయన నేల మీద తడి చూసి, చక్కగా గట్టునే ఆగిపోయారు.

బురదలో దిగిన బండిని థ్రాటిల్ ఇచ్చి తీయాలనుకుంటే వెనక చక్రం ఇంకా లోతుకి తవ్వుకుంటుంది. ఇంజన్ ఆపి, బండిని ఒక పక్కకి వాల్చి, బురద పట్టు విడిపోయాక ఈడ్చుకోవాలి. మామయ్య గట్టు మీద నిలబడి చెబుతుంటే అలాగే ఈడ్చాం. ఈ పెనుగులాటలో హ్యాండిల్ మీదున్న బటన్ బురదతో నిండిపోయింది. బావ దాన్ని పీకి జేబులో వేసుకుని, రేడియో పక్కనుండే బటనే వాడతానన్నాడు. రేడియోని ఛాతీ మీద జేబులో పెట్టి, పైనుంచి నీళ్ల బ్యాగు పట్టీ బిగించాడు. పట్టీ సరిగ్గా బటన్ మీదకి వచ్చింది.

అక్కణ్ణుంచి చానల్ బావ సొంతమైంది.

మొదట ఊపిరి వినబడింది. చిన్న ఎత్తుకే అంత ఆయాసపడతాడని మాకెవరికీ తెలియదు. తర్వాత కూనిరాగం. ఆ తర్వాత కామెంటరీ మొదలైంది. "వస్తున్నాడు... లీడర్ వన్ వస్తున్నాడు... కుడి మలుపు... ఆహా, ఏం తిప్పాడండీ! జనం లేచి నిలబడ్డారు!" నిలబడిన జనం మేమే. నవ్వుతో బండి నడపలేక నేనూ తమ్ముడూ ఆగిపోయాం. మధ్యమధ్యలో బండిని బతిమాలుకోవడం: "తల్లీ, ఈ ఒక్క గుట్టా ఎక్కించు, ఇంటికెళ్లగానే నీకు ఆయిల్ మారుస్తా." ఈ మొక్కు ఎప్పటిదో, ఎన్నాళ్లుగా బాకీ ఉందో ఆ బండికే తెలియాలి.

ఈ రేడియోల తంటా ఏమిటంటే, ఒకే చానల్లో మాట్లాడటం, వినడం రెండూ ఒకేసారి కుదరవు. బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ సెట్టు చెవిటిది. అంటే బటన్ ఇరుక్కుపోయిందని ఎవరికి చెప్పాలో, లోకం మొత్తంలో ఆ ఒక్కడికే చెప్పలేం. బావకి మాత్రం ఏ లోటూ తెలియలేదు. "అందరూ ఎంత బుద్ధిగా ఉన్నారో! ఇదీ రేడియో క్రమశిక్షణ అంటే" అని తృప్తిపడటం కూడా విన్నాం.

ఇంతవరకూ మామయ్య మాతో కలిసి నవ్వుతూనే ఉన్నారు. అప్పుడు బావ ఏదో దిబ్బ మీంచి దూకినట్టున్నాడు. దబ్బున నేల తాకిన చప్పుడు, ఒక కేక, తర్వాత ఈ మాటలు:

"అదీ దూకడమంటే! ఆ రోజు నాన్న బండి మీద ఇలా దూకుంటే ట్యాంకుకి సొట్ట పడేదా? గాలికి పడిందంటే నమ్మేశాడు పాపం."

మా ఇంట్లో ఆ సొట్టకి ఒక అధికారిక చరిత్ర ఉంది. స్టాండ్ వేసి నిలబెట్టిన బండి, ఈదురుగాలికి ఒరిగి రాయి మీద పడింది. ఆ గాలి ఎంత భయంకరంగా వీచిందో బావ అభినయించి మరీ చూపించాడు. మామయ్య ఆ తర్వాత బండిని ఎప్పుడూ గోడవారనే పెడుతున్నారు.

మామయ్య నెమ్మదిగా గ్లవ్ విప్పారు. బటన్ నొక్కారు. "బటన్ వదలరా!" అని అరిచారు. మా వాకీటాకీల్లాంటి ఎఫ్ఎం రేడియోలకి ఒక గుణం ఉంది. ఒకే చానల్లో రెండు సెట్లు పలికితే, గట్టిగా అందేదే వినబడుతుంది, బలహీనమైనది అణగిపోతుంది. పక్కనే ఉన్నారు కాబట్టి మామయ్య అరుపు నా చెవుల్లో, తమ్ముడి చెవుల్లో ఉరుములా మోగింది. ఏ తప్పూ చేయని మా ఇద్దరికీ చెవులు గింగుర్లెత్తాయి. బావ కూనిరాగం రెండో చరణంలోకి వెళ్లింది.

ఇక వెంటపడి పట్టుకోవడం తప్ప మార్గం లేదు. తమ్ముడు వెళ్లాడు. మిగతా కథంతా మేము రేడియోలోనే విన్నాం, దగ్గరుండి చూసినట్టే. "ఓహో, మిడిల్ టూ పోటీకొస్తున్నాడా! రానీ, రానీ." ఇంజన్ చప్పుడు పెరిగింది. తమ్ముడు ఒక మలుపులో ఎలాగో పక్కకి చేరి, ఇంజన్ ఆపమనే గుర్తుగా గొంతు మీద అడ్డంగా చెయ్యి ఆడించాడట. మాకొచ్చిన తర్జుమా: "పీక కోస్తాడట పీక! ముందు నన్ను దాటి చూపించమను!" ఇంజన్ చప్పుడు ఇంకా పెరిగింది. చేతి సైగలు బాగానే పనిచేసేవని ఇందాక అన్నాను గాని, ఆ సైగ ఒక్కటి మినహాయించాలి.

చివరికి బావని ఆపింది బ్యాటరీ. నూటికి 5 వంతులు మాట్లాడాల్సిన చోట నూటికి నూరూ మాట్లాడితే ఏ బ్యాటరీ అయినా ఎంతకని ఓర్చుకుంటుంది? "లీడర్ వన్ మరో గుట్టని జయిం..." అనే మాట దగ్గర గొంతు తెగిపోయింది. అడవిలో పక్షులు ఉన్నాయని అప్పుడు తెలిసింది.

మేము బళ్లు దింపుకున్న మైదానానికి తిరిగొచ్చేసరికి, హెల్మెట్ చంకలో పెట్టుకుని బావ ఎదురొచ్చాడు. "మీరెవరూ ఒక్క మాటైనా మాట్లాడలేదేం? ఇంత ఖర్చు పెట్టి రేడియోలు తెచ్చింది ఎందుకు?" అన్నాడు. మామయ్య నోరు తెరిచే లోపల, పక్క వాహనం దగ్గర టెంటు వేసుకున్న కుటుంబంలోంచి ఎనిమిదేళ్ల పిల్లాడు ఒకడు పరిగెత్తుకొచ్చాడు. వాడి చేతిలో పసుపురంగు బొమ్మ వాకీటాకీ ఉంది.

"లీడర్ వన్ మీరేనా అంకుల్?"

బావ ముఖం వెలిగిపోయింది. "అవును బాబూ. నీకెలా తెలుసు?"

"ట్యాంకు గాలికి పడలేదంట కదా. ఓవర్."

వాళ్లమ్మ దూరం నుంచే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల నాన్న టెంటు తాడు మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు. ఆ కుటుంబమంతా పొద్దుటి నుంచీ మా కార్యక్రమం విన్నదని తెలుస్తూనే ఉంది.

"ఎవరికీ వినబడదన్నావు కదరా, కోడ్ ఏదో పెట్టి" అన్నారు మామయ్య. గొంతు చాలా మెత్తగా ఉంది. మామయ్య గొంతు అలా ఉన్నప్పుడు మేమెవరం దగ్గర్లో ఉండం.

ప్రైవసీ అని పేరు పెట్టారు గానీ, ఆ కోడ్ మన మాటని ఎవరి నుంచీ దాచదు. మన మాట వెంట సన్నని హోరు ఒకటి పంపుతుంది. ఆ హోరు లేని మాటలు వస్తే మన స్పీకర్ తెరుచుకోదు, అంతే. కోడ్ పెట్టుకోని సెట్టు అదే చానల్లో ఉంటే మన మాటలన్నీ హాయిగా వినొచ్చు. పిల్లల బొమ్మ సెట్లలో చాలా వాటికి ఉండేవీ ఈ చానళ్లే. బావ పెట్టిన కోడ్ ఆ పిల్లాడి మాటలు మా చెవిన పడకుండా మాత్రం చక్కగా కాపాడింది. "అంకుల్, మీ బటన్ నొక్కుకుపోయింది" అని వాడు చెప్పీ చెప్పీ అలిసిపోయాడట.

బావ సొట్ట సంగతి వదిలేసి సాంకేతిక లోపాల మీదకి వెళ్లాడు. అసలు తప్పంతా బటన్‌ది. ఇప్పుడు మెష్ ఇంటర్‌కామ్ అని వస్తోంది, దానికి బటనే అక్కర్లేదు, అందరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు, ఎవరి మాటా ఆగదు. "ఎవరి మాటా ఆగదు నాన్నా!" అని ఉత్సాహంగా మళ్లీ చెప్పాడు.

మామయ్య తన ఛాతీ జేబులోంచి రేడియో తీశారు. దానికున్న హెల్మెట్ వైరు పీకేసి, పిల్లాడి చేతిలో పెట్టారు. "సెట్టులో ఒకటి తగ్గితే ఎలా నాన్నా" అని బావ అంటుండగానే, వాడు బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, నా హెల్మెట్‌లోనూ తమ్ముడి హెల్మెట్‌లోనూ ఒక్క అక్షరం పోకుండా వినబడేలా అడిగాడు:

"లీడర్ వన్, తాతగారి ట్యాంకు ఎప్పుడు బాగు చేయిస్తారు? ఓవర్."

బావ రేడియోలో చార్జింగ్ లేదు కాబట్టి జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు.