పాట ఎప్పుడు మొదలవుతుందని అడక్కండి

పోయిన నెల ఒక ఫ్రెండ్ ఇంట్లో పది మందిమి చేరాం. భోజనాలయ్యాక గిటార్ తిరిగి తిరిగి నా చేతికొచ్చింది. అమెరికా జానపద గాయకుడు వుడీ గత్రీ పాట 'టాకింగ్ డస్ట్ బౌల్ బ్లూస్' ఎత్తుకున్నాను. నా గొంతుకి తగ్గది అదొక్కటే. రెండున్నర నిమిషాలు నానా తంటాలు పడి ముగించాక, పక్కన సోఫాలో ఒకాయన చాలా మర్యాదగా "బాగా వాయిస్తున్నారండీ, పాట ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు.

అయిపోయిందండీ పాట.

ఆయన్ని తప్పు పట్టను. గిటార్ టకటకా కొట్టుకుంటూ, అరుగు మీద కూర్చుని పిచ్చాపాటీ చెప్పినట్టు చెబుతూ పోతే పాటని ఎవరనుకుంటారు? ఈ పద్ధతినే టాకింగ్ బ్లూస్ అంటారు. నాకు ఒళ్ళు మండేది సంగీతం బాగా తెలిసినవాళ్ళు "అది పాడటం రానివాళ్ళు చేసే పని" అన్నప్పుడు. చిత్రం ఏంటంటే, టాకింగ్ బ్లూస్ రికార్డుకెక్కిన కథ కూడా అలాగే చెబుతారు. సౌత్ కరోలినావాడు క్రిస్ బుషిలాన్ 1926లో అట్లాంటాలో కొలంబియా కంపెనీకి రికార్డింగ్ ఇవ్వడానికి వెళ్తే, అక్కడివాళ్ళకి ఆయన పాట నచ్చలేదట, మాట నచ్చిందట. సరే, మాట్లాడేసెయ్ అన్నారట. ఎంతవరకు నిజమో గానీ, ఆ రికార్డు పేరే 'టాకింగ్ బ్లూస్'. ఆ తర్వాత వచ్చినవి చాలావరకు ఆ పేరు తగిలించుకున్నవే.

అలాగని ఆ పద్ధతిని బుషిలాన్ పుట్టించాడని మాత్రం అనకండి. నల్లవాళ్ళ చర్చిల్లో ప్రసంగం పాటలోకి జారడం, ఊరూరా తిరిగి మందులమ్మే బళ్ళ మీద కబుర్లు చెప్పి జనాన్ని పోగెయ్యడం, ఇవన్నీ అప్పటికే ఉన్నాయి. మైకు దొరికింది ఆయనకి. ఇంకో మాట: పేరులో బ్లూస్ ఉంది గానీ, ఇది అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ సంగీతంలా పన్నెండు బార్ల (తాళపు కొలతల) లెక్కలో నడిచేది కాదు.

మరి దేంట్లో ఉంది గొప్పతనం? ఐదో లైనులో.

గిటార్ ఉన్నవాళ్ళు పట్టుకుని చూడండి. జీ, సీ, డీ. మూడే కార్డులు, అంటే ఒకేసారి కలిపి మీటే స్వరాల గుంపులు. నాలుగు లైన్లు రెండేసి చొప్పున ప్రాస కలుస్తాయి. నాలుగో లైను డీ మీదకొచ్చి ఆగుతుంది. చెవి మళ్ళీ జీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఎదురుచూపులో, గిటార్ అదే డీ మీద చక్కర్లు కొడుతుండగా, చెప్పేవాడు తాపీగా ఒక మాట వదులుతాడు. దానికి ప్రాస లేదు, కొలత లేదు. రెండు ముక్కలు కావచ్చు, రెండు వాక్యాలు కావచ్చు. అది పూర్తయ్యాకే జీ.

పాతకాలం నుంచి తిరుగుతున్న ఒక చరణం ఉంది. స్వర్గానికి పోవాలంటే ఉపాయం చెబుతా విను, కాళ్ళకి మటన్ జిడ్డు పూసుకో, సైతాను చేతుల్లోంచి సర్రున జారి పుణ్యభూమిలో పడతావు. ఇంతవరకు ప్రాస. తర్వాత ఆ ఐదోది: తొందరేం లేదు, జిడ్డు మాత్రం మర్చిపోకు!

వుడీ గత్రీ చేతిలో ఈ ఐదో లైను ఇంకోలా మారింది. 1935 ఏప్రిల్ 14న పెద్ద దుమ్ము తుపాను వచ్చినప్పుడు ఆయన టెక్సస్‌లోని పాంపా ఊళ్ళోనే ఉన్నాడు. 1940లో రికార్డు చేసిన 'టాకింగ్ డస్ట్ బౌల్ బ్లూస్'లో ఒక రైతు కథ చెప్పాడు. వాన మొహం చాటేసింది, దుమ్ము ఆకాశాన్ని కమ్మేసింది. పొలం ఇచ్చేసి ఫోర్డు కారు తీసుకున్నాడు. కొండ మలుపులో కారు ఎగిరిపడి పెళ్ళాం పిల్లలు చెల్లాచెదురయ్యారు. చివరికి పడమటి తీరం చేరి, ఒకటో రెండో బంగాళాదుంపలు అడుక్కొస్తే భార్య పులుసు కాస్తుంది. పిల్లలంతా తింటారు. ఎంత పల్చటి పులుసంటే దాంట్లోంచి పత్రిక చదువుకోవచ్చట. అక్కడ ఆగడు. ఇంకొంచెం పల్చనైతే మన రాజకీయ నాయకులకి కూడా అవతలి వైపు కనిపించేదేమో అంటాడు.

ఈ మాటని రాగం కట్టి పాడి చూడండి. చచ్చిపోతుంది. పాడేవాడు బాధపడుతున్నాడని తెలిసిపోతుంది, మనం జాలిపడతాం, అంతే. మామూలుగా చెప్పినప్పుడు ముందు నవ్వు వస్తుంది. ఆ నవ్వు సగంలో ఉండగా పిల్లలు ఏం తిన్నారో గుర్తొస్తుంది.

ఆ మరుసటి ఏడాది ఒక ప్రభుత్వ విద్యుత్ సంస్థ కొలంబియా నది ఆనకట్టల గురించి పాటలు రాయమని ఆయన్ని నెల రోజులు పనిలో పెట్టుకుంది. జీతం 266 డాలర్లు, పాటలు 26. ప్రచారం కోసం రాయించుకున్నవే. అందులో 'టాకింగ్ కొలంబియా' కూడా ఉంది. దాని చివర్లో, నాకు నియంతలంటే పడదు గానీ, ఈ దేశాన్ని మొత్తంగా నడపాల్సింది మాత్రం... అని నసుగుతూ సాగదీసి, "కరెంటే" అని తేలుస్తాడు. సర్కారు సొమ్ముతో కూడా ఐదో లైను తనదే.

అదే 1941లో జానపద గాయకులు పీట్ సీగర్, లీ హేస్, మిల్లార్డ్ లాంపెల్ కలిసి 'టాకింగ్ యూనియన్' చేశారు. యూనియన్ ఎలా పెట్టాలో చెప్పే పాఠం అది: ముందు ఎవరితో మాట్లాడాలి, కరపత్రం ఎలా వెయ్యాలి, యజమాని ఏమంటాడు. పాఠాన్ని పాటగా వినిపించడం తేలికేం కాదు. మనకైతే బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంతలు ఉంటారు. టాకింగ్ బ్లూస్‌లో కథకుడి పనీ, ఇద్దరు వంతల పనీ ఒక్కడే, ఒక్క గిటార్‌తో లాగాలి. నాలుగు లైన్లు కథకుడివి, ఐదోది వంతది అనుకోండి. ఇంతకు మించి పోలిక లాగను, రెండూ వేరు.

పాడితే ఊరుకునేవాళ్ళు మాట్లాడితే ఊరుకోరనడానికి ఇంకో సంగతి. 1963 మే 12న గాయకుడు బాబ్ డిలన్ 'ఎడ్ సలివన్ షో' అనే టీవీ కార్యక్రమంలో 'టాకింగ్ జాన్ బర్చ్ పారనాయిడ్ బ్లూస్' వినిపించాలి. జాన్ బర్చ్ సొసైటీ అనే కమ్యూనిస్టు వ్యతిరేక సంఘంలో చేరి, కమ్యూనిస్టుల కోసం మంచం కింద, టీవీలో, ఆఖరికి బాత్రూమ్‌లో కూడా వెతికి, ఎవరూ దొరక్క చివరికి తన మీద తానే నిఘా పెట్టుకునే ఒక భయస్థుడి కథ. టీవీ కంపెనీవాళ్ళు ఆ పాట వద్దు, ఇంకేదైనా పాడమన్నారు. అయితే అసలు పాడనని ఆయన వెళ్ళిపోయాడు. కుర్రాడికి అప్పటికి ఇరవై రెండు కూడా నిండలేదు. ఆ పాట తర్వాత ఆల్బమ్‌లోంచి కూడా ఎగిరిపోయింది. రాగం ఉంటే మాట దాని చాటున కొంచెం దాక్కుంటుంది. దీంట్లో దాక్కోవడానికి చోటు లేదు. నా అనుమానం, అందుకే భయపడ్డారని.

ఇక "ర్యాప్‌కి తాత ఇదే" అనేవాళ్ళు. దయచేసి ఆపండి. ర్యాప్‌లో మాట బీటుని గట్టిగా పట్టుకుని దాంతో ఆటలాడుతుంది. ఇక్కడ మాట బీటుకి వెనకబడి నడుస్తుంది, చివర్లో చెయ్యి విడిపించుకుని పక్కకి పోతుంది. రెండింటికీ వేర్వేరు నేర్పు కావాలి. ఒకదాన్ని పొగడటానికి ఇంకోదానికి తాతగిరీ అంటగట్టక్కర్లేదు. బంధుత్వం కావాలంటే వుడీ కొడుకు ఆర్లో గత్రీ ఉన్నాడుగా. 1967లో 'ఆలిసెస్ రెస్టారెంట్'లో చెత్త పారబోసి కేసులో ఇరుక్కున్న కథని పద్దెనిమిది నిమిషాల పైన చెప్పాడు. నాలుగు లైన్ల లెక్క గాలికి వదిలేసి మొత్తం ఐదో లైనుతోనే నడిపాడనిపిస్తుంది. అమెరికాలో థాంక్స్‌గివింగ్ రోజున కొన్ని రేడియో స్టేషన్లు ఇప్పటికీ దాన్ని వేస్తాయి. అక్కడున్న మనవాళ్ళు ఈసారి కారులో విని చూడండి.

గొంతు లేనివాళ్ళ పని అన్నవాళ్ళకి నా జవాబు ఒక్కటే: నాకు గొంతు లేదు, అయినా ఇది చేతకావట్లేదు. పదాలు వచ్చు, కార్డులు వచ్చు. ఐదో లైను దగ్గరికి రాగానే టెన్షన్. జనం నవ్వుతారో లేదోనని గబగబా చెప్పేసి జీ మీదకి దూకేస్తాను. ఆ రోజు సోఫాలో ఆయనకి పాట వినపడకపోవడానికి కారణం అదేనేమో.

మొన్న ఆదివారం మళ్ళీ కూర్చున్నా. పులుసు దాకా వచ్చి డీ పట్టుకుని, ఒకటి, రెండు, మూడు చక్కర్లు కొట్టాను, నోరు తెరవకుండా. వంటింట్లోంచి మా ఆవిడ "ఏమైంది, మర్చిపోయారా?" అంది.

లేదు. ఆగాను.