పాంబన్ వంతెన, ధనుష్కోడి లైను: రెండు సవరణలు

తమిళనాడు తీరాన్నీ రామేశ్వరం దీవినీ కలిపిన పాత పాంబన్ రైలు వంతెన 1964 తుపానుకి పూర్తిగా పోయిందని మీ వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. పట్టాలను మోసే 145 గర్డర్లలో (ఇనుప దూలాలు) 126 కూలాయి గానీ, ఓడలకు దారిచ్చేందుకు పైకి లేచే భాగం, షెర్జర్ స్పాన్, చెక్కుచెదరలేదు. అది రెండు రెక్కలది; ఇటూ అటూ మనుషులు నిలబడి, బలంగా లీవర్లు తిప్పితే మెల్లగా లేచేది. సముద్రంలో పడ్డ గర్డర్లను వెలికితీసి మళ్లీ ఎక్కించి, రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో వంతెనను నిలబెట్టింది. ఎంత గొప్ప పని!

ఇంకొకటి, దీవి కొసన ఉన్న ధనుష్కోడికి వెళ్లే రైలు లైను రామేశ్వరం మీదుగా పోలేదు. పాంబన్ దగ్గరే చీలేది. మన మద్రాసు ఎగ్మోరులో బయల్దేరిన బోట్ మెయిల్ రైలు నేరుగా ధనుష్కోడి రేవుకి చేరితే, అక్కణ్ణించి శ్రీలంకలోని తలైమన్నార్‌కి స్టీమరు. తుపాను తర్వాత వంతెన లేచింది, అదే తుపానుకి పోయిన ధనుష్కోడి స్టేషన్ మాత్రం మళ్లీ లేవలేదు. 2025లో తెరిచిన కొత్త వంతెనలో 72.5 మీటర్ల స్పాన్ లిఫ్టులా నిటారుగా లేస్తుంది. పాత వంతెన రెక్కల్ని మాత్రం తుక్కు కింద అమ్మకుండా దాచాలి.